బదరీదారిలో బస్సు ప్రయాణము

మా పావగడ సీమలో కొండలకు కొదువ లేదు. నిడుగల్లు దుర్గము, పావగడ కోట, ఊరూర గుండ్లగుట్టలు కలవు. అవి ఎండకు కాగు కొండలే గాని నీరిచ్చు కొండలు కావు. అట్టి చోట పుట్టి, అరువది యేండ్లు దాటిన పిదప, మంచుకొండల నుండి దిగు నీటిని ఒకసారి చూడవలెనని నాకును నా భార్యకును కోరిక కలిగెను. గుమాస్తా పింఛను ఇంటిఖర్చునకే సరి. అయితే మా వల్లూరుతో కూడ అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములు 2018లో ప్రారంభమైన సౌరవిద్యుత్తు పార్కు క్రిందికి పోయినవి. మాకున్న రెండెకరములకును, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు మొదలుగా, కౌలు వచ్చుచున్నది. వేరుసెనగ పండిన నేల తెచ్చు రూకలు గనుక దుబారాకు మనసొప్పలేదు. 2022 మే నెలలో స్లీపరు తరగతి టిక్కెట్లతో బయలుదేరితిమి.

హృషీకేశము వరకు చెప్పదగిన కష్టము లేదు. అచ్చటినుండి బదరీనాథము దాదాపు 300 కిలోమీటర్లు. కలవారు కార్లలో పోవుదురు. మేము తెల్లవారుజామున సాధారణపు బస్సెక్కితిమి. దొరికినవి చక్రముమీది సీట్లు. మోకాళ్ళు ముందు సీటునకు తగులుచుండెను. ఒకవైపు కొండ, వేరొకవైపు లోయ. మలుపు మలుపునకు ఎవరో ఒకరు కిటికీ వెలుపలికి తలవంచి వాంతి చేసికొనుచుండిరి. నా భార్య నిమ్మకాయ వాసన చూచుచు కన్నులు మూసికొని కూర్చుండెను. దేవప్రయాగలో మాత్రము కన్నులు తెరచినది. భాగీరథియు అలకనందయు అక్కడనే కలిసి గంగ యను పేరు వహించును. "ఇందులో ఒక పాయ మన నాగలమడికె తట్టు పారుంటే చాలు కదండీ!" అనెను. ఉత్తర పినాకిని ఇసుకను చూచి చూచి అలసినవారికే ఆ మాట అర్థమగును.

ఆ పైన ఒకచోట కొండచరియ జారి దారి మూసికొనిపోగా నాలుగు గంటలు నిలువవలసి వచ్చెను. కార్లలోనివారు అద్దములు బిగించుకొని లోపలనే ఉండిరి. మా బస్సువారందరు దిగి, రాళ్ళమీద కూర్చుండి మూటలు విప్పిరి. మా జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి చూచి శ్రీకాకుళపు విశ్రాంత సిపాయిగారొకరు దగ్గరకు వచ్చిరి. "కర్నాటకమంటున్నారు, మరి ఈ తెలుగెక్కడిదండీ?" అని అడిగిరి. మా తాలూకాకు మూడువైపుల ఆంధ్రదేశమేయనియు, బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు అనియు చెప్పితిని. ఈ సమాధానము మన కుటుంబములవారు ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు చెప్పియుందురో! అది మొదలు ఆయనయే మాకు హిందీ దుబాసి. కారు బాడుగకు ఇచ్చు సొమ్ము ఉండినయెడల ఆయన పరిచయమే కలిగియుండదు.

ఆ రాత్రి జోషీమఠములో, యాత్రికులకు గదులిచ్చు ఒక వృద్ధురాలి యింట మేము ముగ్గురము ఒకే గదిలో సర్దుకొంటిమి. రెండేసి కంబళ్ళు కప్పుకొన్నను వణకు తగ్గలేదు. ఆమెకు ఇంటి వెనుక మెట్లు మెట్లుగా కొద్దిపాటి పొలము కలదు. మా పొలము సంగతి అడిగెను. సిపాయిగారు సౌరఫలకముల మాట వివరించిరి. "నేలను అద్దాల క్రింద పెట్టి, ఏమి తింటారు?" అని ఆమె ప్రశ్న. "కొనుక్కొని తింటామమ్మా" అని నా భార్య బదులు చెప్పెను. ఆ జవాబు హిందీలో విన్న పిమ్మట ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత వేడిరొట్టెలు తెచ్చి పెట్టెను; వానికి మాత్రము డబ్బు పుచ్చుకొనలేదు.

మరునాడు 10,000 అడుగులకు మించిన ఎత్తున, తప్తకుండపు వేడినీట మునిగినపుడు రెండు దినముల నడుమునొప్పి తీరెను. దర్శనము క్షణకాలమే.

2023 జనవరిలో జోషీమఠము క్రుంగుచున్నదనియు, 800కు పైగా కట్టడములు బీటలు వారినవనియు పత్రికలలో చదివితిమి. సిపాయిగారిచే ఆ యింటికి ఫోను చేయించితిమి. గోడలో వ్రేలు దూరునంత బీట పడినదట. అధికారులు వేరొక చోటు చూపినను, పొలము విడిచి రానని ఆమె అచ్చటనే ఉన్నదట.