ఏ నాగేశ్వరరావు?

"కె. నాగేశ్వరరావు గారెవరండీ?"

ఆస్పత్రి కౌంటరు వెనక నుంచి అమ్మాయి కేకేసింది. మా నాన్నగారు లేచారు. రెండు కుర్చీల అవతల పంచెకట్టుతో కూర్చున్న పెద్దాయన కూడా లేచారు. ఇద్దరివీ ఎనభైకి అటూ ఇటూ వయసులే, ఇద్దరి చేతుల్లోనూ నలిగిన చీటీలే. ఆ అమ్మాయి దగ్గరగా ఉన్నవారి చేతిలో కాగితం పెట్టేసింది. ఇంటికొచ్చి చూస్తే షుగరు మూడొందలు దాటి ఉంది. మా నాన్నగారికి జన్మలో షుగరు లేదు. మళ్ళీ ఆటో ఎక్కి వెళ్ళి కాగితం మార్చుకునేసరికి మధ్యాహ్నం రెండయింది. ఈలోగా ఆ పెద్దాయన మా నాన్నగారి రిపోర్టు చూసుకుని, తనకింక ఏ జబ్బూ లేదనుకుని మందు మానేశారేమోనన్న బెంగ నాకింకా తీరలేదు.

నా కోపం ఆ అమ్మాయి మీద కాదు, ఆ 'కె' మీద. వాళ్ళ ఇంటిపేరు వేరు, మా ఇంటిపేరు వేరు. ఏ తరాల నాటివో ఆ రెండు పేర్లనూ నరికి ఒకే అక్షరం చేసి కూర్చోబెట్టాం.

ఆ తరంలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వీధికో నాగేశ్వరరావు ఉండేవారు. పిల్లల కోసం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకునేవారు, నాగులచవితికి పుట్టలో పాలు పోసేవారు. కడుపు పండితే నాగేశ్వరరావో, సుబ్బారావో, ఆడపిల్లయితే నాగమణో. మా నాయనమ్మా అలాగే మొక్కింది. దేవుడి పేరు గనక ఎంతమందైనా పెట్టుకోవచ్చు. ఫలానా వాళ్ళబ్బాయి అని తేల్చి చెప్పాల్సింది మాత్రం ఇంటిపేరే.

నాన్నగారి దిండు పక్కన ఎప్పుడూ అమృతాంజనం సీసా ఉండేది. మూత తిప్పగానే గదంతా ఆ ఘాటు. చూపుడువేలి కొనతో పసుపుపచ్చటి ముద్ద కాస్త తీసుకుని రెండు కణతలకీ రాసుకుని, మిగిలింది ముక్కు మీద రుద్దుకునేవారు. "ఇది చేసినాయనదీ నా పేరేరా" అని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టారు. తలనొప్పి మీద వచ్చిన డబ్బంతా తెలుగు అక్షరం మీద పెట్టారు. 1908లో అదే ఊళ్ళో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో ఒప్పందం రాసుకున్నది కూడా ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే. మందుల వ్యాపారి, పత్రికాధిపతి, దేశోద్ధారకుడు ఇన్నీ ఒక్క మనిషే. ఆయన్ని 'కె. నాగేశ్వరరావు' అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఇక దొంగరాముడు సంగతి. మా నాన్నగారు పదకొండేళ్ళ పిల్లాడిగా నేల టిక్కెట్టులో చూసిన సినిమా అది. 1955లో వచ్చింది. అన్నపూర్ణా పిక్చర్స్ వారి మొదటి సినిమా, కె.వి. రెడ్డి దర్శకత్వం. హీరో అక్కినేని నాగేశ్వరరావు. విలన్ ఆర్. నాగేశ్వరరావు. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. నాన్నగారు మూడు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నాలుగో వేలు తన గుండె మీద ఆనించుకునేవారు. ఆ వేలు ఆనించేటప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. అక్కినేని అప్పటికే దేవదాసుగా జనాన్ని ఏడిపించి ఉన్నారు. పెండ్యాల ఆ తర్వాత జయభేరికీ, జగదేకవీరుని కథకీ ఇచ్చిన బాణీలు వింటే, ఈ ముగ్గురిలో ఎక్కువకాలం నిలిచేది ఆయనేనని నా గట్టి నమ్మకం. మీరొప్పుకోకపోయినా ఫరవాలేదు.

నన్ను బాధపెట్టేది ఆ విలన్ కథ. ఆ 'ఆర్' అంటే రాజనాల. తెలుగువాడికి రాజనాల అనగానే కాళేశ్వరరావే గుర్తొస్తారు. ఆయనా విలనే, అదే ఇంటిపేరు. దొంగరాముడులో బాబులుగా అంత భయపెట్టిన మనిషి, మాయాబజార్ దుశ్శాసనుడు, 1959లోనే చిన్న వయసులో కన్నుమూశారు. పేరు అక్కినేని పక్కన ఆగిపోయింది, ఇంటిపేరు ఇంకొకరి దగ్గర ఆగిపోయింది. ఆయనకు మిగిలింది ఒక పొడి అక్షరం.

ఖమ్మంలో చూడండి. తుమ్మల, నామా ఇద్దరూ నాగేశ్వరరావులే, ఇద్దరూ రాజకీయాల్లోనే. అక్కడ ఏ కార్యకర్తా తికమకపడడు. తుమ్మల అంటే తుమ్మల, నామా అంటే నామా. అదే ఢిల్లీలో అయితే, 2016 నుంచి 2022 దాకా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నాయన ఎల్. నాగేశ్వరరావే. అది 'లావు' అని మనలో ఎందరికి తెలుసు?

సినిమావాళ్ళు దీనికో మంచి దారి కనిపెట్టారు. గాయని ఎస్. జానకిగారి ఇంటిపేరు శిష్ట్లా. నటి జానకిగారిది శంకరమంచి. పొడి అక్షరాలతో రాస్తే ఇద్దరూ ఎస్. జానకులే. 1950లో వచ్చిన షావుకారు ఆ నటికి కొత్త ఇంటిపేరై కూర్చుంది. ఇప్పటికీ ఆవిడ షావుకారు జానకే. సాక్షి రంగారావుకు 1967 నాటి సాక్షి, చేంబోలు సీతారామశాస్త్రికి 1986 నాటి సిరివెన్నెల అలాగే ఇంటిపేర్లయ్యాయి. చేసిన పనే ఇంటిపేరు కావడం కన్నా మనిషికి కావలసిందేముంది? తాతలిచ్చింది కాకపోయినా సరే, ఆ పేరు పూర్తిగా పలుకుతాం, పూర్తిగా రాస్తాం. సిరివెన్నెలను 'ఎస్' అని పిలిచినవాడు నాకింతవరకూ తారసపడలేదు.

మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. అక్కడ వాడి ఇంటి తలుపు మీద 'రావు' అనే ఉంది. వాడుండే వీధిలో ఇంకో ఇద్దరు రావులున్నారట. వాడి పిల్లలకు మొన్నటిదాకా మా ఇంటిపేరు తెలియదు. పోయినసారి ఫోనులో నేనే చెప్పాను. పెద్దది రెండుసార్లు పలికించుకుని, అక్షరం అక్షరంగా రాసుకుంది.

కాగితం మారిన మర్నాడే నాన్నగారి ఫైలు అట్ట మీద 'కె' కొట్టేసి, ఇంటిపేరు పూర్తిగా రాశాను. ఆస్పత్రి కంప్యూటర్లో కూడా దగ్గరుండి మార్పించాను. జూన్‌లో పిల్లల్ని బళ్ళో వేసేటప్పుడు దరఖాస్తులో ఇంటిపేరు పూర్తిగా రాయండి. గడి చిన్నదంటే పక్కన ఖాళీలోనైనా రాయండి.