కుందేలు, కుక్క, ఇంటి ఖర్చు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అను సామెత మన తెలుగువారందరికి తెలిసినదే. ఇదే సామెత తమిళములోను ఇట్లే ఉన్నదని నాకు ఈ రాజపాళయమునకు వచ్చిన పిమ్మటనే తెలిసినది. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున. అచ్చట కుందేలునకు చెవులపిల్లి అను పేరును కలదని తరగతిలో చెప్పగా పిల్లలు కడుపుబ్బ నవ్విరి. వారు ఇంటిలో తెలుగు మాటాడుదురు. వీధిలోనికి రాగానే అది "ముయల్" అగును. పేరేదైనను, ఈ మూడు నాలుగేండ్లలో మన విద్యార్థుల ఇండ్లలో కుందేళ్ల పంజరములు చాల కనబడుచున్నవి. ఇంటి వ్యాసము వ్రాయుటకు "నాకు ఇష్టమైన జంతువు" అని విషయమిచ్చినచో సగము పుటలు కుందేలును గురించియే వచ్చును. తక్కిన సగము మన ఊరి తెల్లకుక్కకు చెందును.

మొన్న ఒక సాయంకాలము నూలుమిల్లులో పనిచేయు ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని బడికి వచ్చెను. "అయ్యా, కుందేళ్లకు ఏటేట రెండు విధముల టీకాలు వేయించవలెనట. వీడెక్కడనో చదివినాడు. మా ఇంట రెండున్నవి. ఆ ఖర్చు మావల్ల కాదు. అమ్మివేయమని మీరైనను చెప్పుడు" అనెను. బాలుడు తల వంచుకొని కాలిబొటనవ్రేలితో నేలను రాయుచుండెను. ఆ తండ్రిది పిసినిగొట్టుతనము కాదు. నెలజీతములో బియ్యము, అద్దె, పుస్తకములు పోగా మిగులునది ఆయనకే తెలియును. నేను ఒకదినము గడువడిగి, పశువైద్యుని కలిసి వచ్చి వారికి చెప్పిన సంగతులనే ఇచట వ్రాయుచున్నాను. ఏలనన ఇదే సందేహము మరికొన్ని ఇండ్లలోను ఉన్నట్లు పిదప తెలిసినది.

ఆ బాలుడు చదివినది అబద్ధము కాదు. అయితే అది వేరొక దేశపు అవసరము. ఐరోపాలో కుందేళ్లను పీడించు మహావ్యాధులు రెండు. మొదటిది మిక్సొమటోసిస్. దానిని 1896లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున గుర్తించిరి. ఆస్ట్రేలియాలో అడవికుందేళ్లు పైరులను నాశనము చేయుచుండగా, వానిని చంపుటకై 1950లో ఈ రోగమును మనుష్యులే వదలిరి. 1952లో ఫ్రాన్సులో ఒక పెద్దమనిషి తన తోటలోని కుందేళ్లను వదిలించుకొనుటకు దీనిని తెప్పించెను. మరుసటి యేటికి అది సముద్రము దాటి ఇంగ్లాండు చేరెను. ఒకని తోట బాగుపడుటకు ఖండమంతయు మూల్యము చెల్లించినది. రెండవది కుందేళ్ల రక్తస్రావ వ్యాధి. అది 1984లో చైనాలో మొదట కనబడినది. ఈ రెంటికిని అచ్చటివారు టీకాలు వేయింతురు, వేయింపకున్న నష్టపోవుదురు. మన ప్రాంతమున పెంపుడు కుందేళ్లకు ఆ టీకాలు వేయు వాడుక లేదు. కావున ఆ తండ్రి బడ్జెటులో నుండి ఆ పద్దు అంతటితో కొట్టివేయబడినది. బాలుడు మొదటిసారి తల యెత్తెను.

అయినంత మాత్రమున కుందేలునకు ఖర్చే లేదనుకొనరాదు. దాని రోగములు వేరు. ఇచట దానికి మొదటి శత్రువు మన ఎండ. ముప్పది డిగ్రీలు దాటినపుడే అది బాధపడసాగును. చిత్తిరమాసములో రేకుల కప్పు క్రింద పెట్టిన పంజరము పొయ్యివంటిది. చెట్టునీడ, తడిపిన గోనెపట్టా, చల్లని నీరు, ఇవి చాలు. రెండవ శత్రువు తడి. మూత్రముతో తడిసిన నేలపై ఉంచిన పిల్లలకు కడుపుబ్బి, విరేచనములై, గంటలలో పోవుట కలదు. కాక్సిడియా అను సూక్ష్మజీవి దానికి కారణము. మందు ఉన్నది, కాని పెంటిక క్రిందికి జారిపోవు తీగవల అడుగు గల పంజరము ఆ మందుకంటె మేలు. కుందేలు పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. అవి అరుగుటకు గడ్డి నమలవలెను. బిస్కెట్టు, మురుకు, ఇడ్లీ పెట్టి ముద్దుచేయువారు తరువాత పండ్లు కత్తిరించుటకు వైద్యునికి డబ్బిత్తురు. గట్టున పెరుగు గడ్డికి ధర లేదు గదా! మందు చల్లిన చేనిగట్టు గడ్డి మాత్రము కోయకుడు. అవిసె ఆకు, మల్బరీ ఆకు కొంచెము కొంచెముగా పెట్టవచ్చును.

ఒక తల్లి నన్ను రహస్యముగా అడిగినది: "అయ్యా, మా కుందేలు తన పెంటికనే తినుచున్నది, దానికి మందేమి?" మందు అక్కరలేదు. అది ఒక విధమైన మెత్తని పెంటికను తిరిగి తిని అందలి పోషకములను గ్రహించును. ఆవు నెమరువేసినట్లే ఇదియు దాని ప్రకృతి. ఈ జబ్బుకాని జబ్బునకు ఆమె అంతకుముందే రెండు సీసాల టానిక్కు కొన్నది.

గజ్జి సంగతి వేరు. చెవులలోపల, ముక్కుపై, గోళ్ల చుట్టును పొక్కులు కట్టినచో అది పురుగువలన వచ్చిన గజ్జి. ఐవర్‌మెక్టిన్ అను మందును తూకమునుబట్టి వైద్యుడు సూదిగా వేయును. రమారమి రెండు వారములకు మరల వేయవలెను. చవకైన మందే. ఒకటి తగ్గినదని రెండవది మానుటవలననే ఖర్చు పెరుగును. గ్రుడ్లనుండి వచ్చిన పురుగులు మరల మొదటికి తెచ్చును. చెవిలోని పొక్కులను గిల్లి తీయకుడు.

ఇచట ఒక దుఃఖవార్త వ్రాయక తప్పదు. మా వీధిలోని ఒక ఇంట కుందేలు తుమ్ముచుండగా, వైద్యుని రుసుము మిగులునని ఒక అంగడిలో అడిగి, పసిపిల్లలకిచ్చు అమాక్సిసిలిన్ మందు తెచ్చి పోసిరి. కుందేలు ప్రేగులలో మేలు చేయు జీవులు కోట్లకొలది ఉండును. నోట పోసిన పెన్సిలిన్ జాతి మందు వానిని చంపును. వాని చోట చెడ్డవి పెరుగును. నాలుగవనాటికి ఆ ఇంటి అమ్మాయి బడికి రాలేదు. అట్లే కుక్కల పేలకు వాడు ఫిప్రోనిల్ కూడ కుందేలునకు విషము. మనుష్యుల మందు, కుక్కమందు, కోళ్లమందు మిగిలినదిగదా అని కుందేలునకు పోయుట పొదుపు కాదు.

మరి వైద్యుని రుసుమెట్లు? మన ఊరివారికి నేను ఒక తమిళపదమును పరిచయము చేయవలసివచ్చుట వింతయే. ప్రభుత్వ పశువైద్యశాల పలకపై "కాల్నడై" అని యుండును. ఆవులు, మేకలు మాత్రమే దానికి చెందునని చాలమంది తలచి, కుందేలును చేతబట్టుకొని పోవుటకు సిగ్గుపడుదురు. ఆ మాటకు కాలితో నడచునదని గదా అర్థము! కుందేలునకు నాలుగు కాళ్లున్నవి, మూడు కావు. సంకోచములేక తీసికొనిపొండు. పని పెద్దదైనపుడు తిరునెల్వేలి సమీపమున రామయన్‌పట్టిలో 2012లో నెలకొల్పబడిన పశువైద్య కళాశాల కలదు. క్రొత్తగా కొనువారు సంతలో బుట్టలోనివి కొనుటకంటె, కొడైకానలు కొండలలోని మన్నవనూరు కేంద్రము వంటి చోట ఆరోగ్యమైనవానిని కొనుట మేలు. గజ్జి లేని కుందేలుతో మొదలిడినవాడు సగము మందుల ఖర్చు ముందే తప్పించుకొనును. కొండ అంచు పొలములలో దొరకు అడవికుందేటి పిల్లలను మాత్రము ఇంటికి తేకుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. పైగా ఆ పిల్లలు ఇండ్లలో బ్రతుకుటయు అరుదు.

ఒక్కచోట పొదుపు ఆలోచింపరాదు. కుందేలు ఒక పగలు ఒక రాత్రి మేత ముట్టకున్నచో, పెంటిక వేయకున్నచో, రేపు చూతమనకుడు. దాని ప్రేగు ఆగిపోయిన తరువాత ఏ డబ్బును పనికిరాదు.

ఇక కుక్క. మన ఊరిపేరు మోసిన తెల్లకుక్కకు 2005 జనవరి 9న తపాలాబిళ్ల కూడ వెలువడినది. ఆ జాతి పిల్లను వేలు పోసి కొనువారు టీకాకు వందలు లెక్కించుట చూచి నాకు ఆశ్చర్యము కలుగుచుండును. కుందేలు టీకా మనకు అక్కరలేనిదైనట్లే, కుక్కకు వెఱ్ఱివ్యాధి టీకా తప్పనిసరియైనది. మూడవ నెలలో ఒకటి, పిదప వైద్యుడు చెప్పినట్లు మరల, ఆపైన ఏటేట. ఇచట పొదుపునకు మంచి దారులున్నవి. జూలై 6న, సెప్టెంబరు 28న ప్రభుత్వ పశువైద్యశాలలలో తరచుగా ఉచితముగా ఈ టీకా వేయుదురు. పది కుక్కలకు సరిపోవు సీసాలును దొరకును. ఒక వీధివారు కలిసి ఒకేనాడు వైద్యుని పిలిచినచో ఒక్కొక్కరి వంతు తగ్గును. అయితే ఆ సీసా 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉండవలెను. చొక్కాజేబులో పెట్టి సైకిలుపై ఎండలో తెచ్చిన టీకా నీటితో సమానము.

ఈ రెండు తేదీలును ఒకే మనిషివి. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాస్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదటి వెఱ్ఱివ్యాధి టీకా వేయించెను. ఆయన 1895 సెప్టెంబరు 28న మరణించెను. ఆ టీకా దేనితో చేసినదో తెలియునా? వ్యాధి సోకిన కుందేళ్ల వెన్నుపాములను ఎండబెట్టి! మనుష్యుని కుక్కకాటునుండి మొదట కాపాడినది ఒక కుందేలు. దక్షిణాదివారు ఆ చికిత్సకై ఒకప్పుడు హిమాలయముల చెంతనున్న కసౌలికి పోవలసియుండెను. 1907లో నీలగిరులలోని కూనూరున పాస్చర్ సంస్థ ఏర్పడినది.

మన పెద్దలకు బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయము ఇంకను పోలేదు. గొఱ్ఱె మెదడుతో చేయు ఆ పాత టీకా తయారీ మన దేశమున 2005 నాటికే నిలిచిపోయినది. ఇప్పుడు చర్మములో వేయు పద్ధతిలో మొదలిడిననాడు, పిదప 3వ, 7వ, 28వ రోజులందు చేతిపై వేయుదురు. ప్రభుత్వ ఆసుపత్రులలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉచితము. గత సంవత్సరము మా తరగతిలోని ఒక పిల్లవానిని వీధికుక్క కరచినది. ఇంటివారు ఖర్చునకు వెఱచి పసుపు, సున్నము అద్ది గుడ్డ కట్టి పంపిరి. నేను ఆ గుడ్డ విప్పించి, కుళాయి క్రింద సబ్బుతో పావుగంట కడిగించి ఆసుపత్రికి తీసికొనిపోతిని. మన ఛత్రపట్టి మగ్గములు ఊరూరికిని కట్టుగుడ్డ నేసి పంపును గాని, ఈ గాయమునకు మాత్రము కట్టు బిగింపరాదు. వాని తండ్రి సాయంకాలము వచ్చి, జేబులో చేయి పెట్టి, "ఎంతైనదయ్యా?" అని అడిగెను. బస్సుచార్జీ అయినదంటిని. ఆయన నమ్మలేదు. ఆసుపత్రి చీటీని రెండువైపుల త్రిప్పి చూచి, మిగిలిన మూడు తేదీలను పిల్లవానిచేత మిల్లు కేలెండరుపై తెలుగులో వ్రాయించెను.