తడిగుడ్డ చేసిన పాపం

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆఫీసు మీటింగు. తొమ్మిది దాటాక ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి, డాక్ వైరు గుచ్చి, ఆన్ చేశాను. ఎదురుగా పెద్ద మానిటర్ వెలిగింది. పాస్‌వర్డ్ కొడితే ఒక్క చుక్క కూడా పడలేదు. మౌస్ కదిపితే బాణం గుర్తు ఉన్నచోటే ఉంది. ఇంటర్నెట్ వైరు కూడా ఆ డాక్‌కే ఉంటుంది, అదీ పోయింది.

డాక్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. అదొక చిన్న డబ్బా. కీబోర్డు, మౌస్, మానిటర్, ఇంటర్నెట్ వైర్లన్నీ దానికి తగిలించి ఉంచుతాం. దాన్నుంచి ల్యాప్‌టాప్‌కి ఒకే ఒక్క వైరు గుచ్చితే అన్నీ పనిచేస్తాయి, చార్జింగ్‌తో సహా. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి అది లేకపోతే కాళ్లూ చేతులూ ఆడవు.

సరిగ్గా ఆ సమయానికి మా ఇంట్లో పనిచేసే పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని గదిలోంచి బయటికి వెళ్తోంది. టేబుల్ చూస్తే ఇంకా తడి ఆరలేదు.

"ఏంటమ్మా, ఈ డబ్బా మీద నీళ్లు పోశావా?" అన్నాను.

"లేదు బాబూ, దాన్ని నేను ముట్టుకోనే లేదు. చుట్టూ తుడిచానంతే."

"ముట్టుకోకుండానే పాడవుతుందా? నిన్నటిదాకా బాగానే ఉంది కదా!" గొంతు కాస్త గట్టిగానే లేచింది. ఆవిడ మారుమాట్లాడలేదు. రోజూ పని అయ్యాక వంటింట్లో కూర్చుని టీ తాగి వెళ్తుంది. ఆ రోజు టీ తాగకుండానే వెళ్లిపోయిందని మా ఆవిడ చెప్పింది. ఏడేళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషి.

మీటింగు ఎలాగో వైఫైతో కానిచ్చి, మధ్యాహ్నం రిపేరుకి కూర్చున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఉండేది ఉబుంటు లినక్స్. ముందు కీబోర్డు తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. శుభ్రంగా పనిచేసింది. అంటే కీబోర్డు తప్పు లేదు. వైరు పోయిందేమోనని బజారుకెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. అదే తంతు. ఇక మిగిలింది డాక్. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

తర్వాత డీమెసేజ్ అనే కమాండ్ కొట్టాను. కంప్యూటర్ లోపల ఎప్పుడేం జరిగిందో కెర్నెల్ రాసుకునే చిట్టా అది. అందులో ఒకే వరస మళ్లీమళ్లీ కనిపించింది. యూఎస్‌బీ పరికరం వివరాలు చదవలేకపోయాను, ఎర్రర్ మైనస్ 71 అని. రెండు పక్కల మధ్యా మాటలు సరిగా అందడం లేదని దాని అర్థం. వైరు పాడైనా, కరెంటు చాలకపోయినా ఇదే వస్తుంది. "చూశావా, నీళ్లు దిగాయి" అని మా ఆవిడకి చూపించాను కూడా.

"మరి బొమ్మ వస్తోందిగా?" అంది తను.

నిజమే. బొమ్మ వస్తోంది, చార్జింగ్ ఎక్కుతోంది. టైప్-సి కనెక్టర్‌లో 24 పిన్నులుంటాయి. నా డాక్‌లో మానిటర్‌కి బొమ్మ మోసే జతలు వేరు, యూఎస్‌బీ సమాచారం మోసేవి వేరు. ఒకటి పోయి ఇంకొకటి బతకొచ్చు. కాబట్టి అది పూర్తి రుజువు కాదు. కానీ అనుమానం అక్కడ మొదలైంది.

రాత్రి ఒక పాత సహోద్యోగికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగాడు. "పాత కెర్నెల్‌తో పెట్టి చూశావా?"

చూడలేదు. అసలు కెర్నెల్ మారిందన్న సంగతే నాకు తెలియదు.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది. యూఎస్‌బీతో, మానిటర్‌తో, నెట్‌వర్క్‌తో మాట్లాడేది అదే. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. ఉబుంటు కొత్త కెర్నెల్ వేసేటప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయదు, ఇలాంటి రోజు కోసమే పక్కన ఉంచుతుంది. మళ్లీ ఆన్ చేసి, ఎస్కేప్ నొక్కి, గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, కింద ఉన్న పాత నంబరు ఎంచుకున్నాను.

కీబోర్డు లైటు వెలిగింది. మౌస్ కదిలింది. ఇంటర్నెట్ వచ్చింది. మళ్లీ కొత్త కెర్నెల్‌తో పెట్టాను, పోయింది. పాతదానితో పెట్టాను, వచ్చింది. నీళ్లు దిగిన డబ్బాకి కెర్నెల్ నంబరు చూసి పనిచేసే తెలివి ఉండదు కదా.

మరి సోమవారమే ఎందుకు పోయింది? అప్‌డేట్ల చిట్టా తెరిచాను. ఏ ప్యాకేజీ ఎప్పుడు వచ్చిందో తేదీ, గంట, నిమిషంతో సహా ఉంటుంది. కొత్త కెర్నెల్ వచ్చింది గురువారం, భద్రతా అప్‌డేట్‌గా దానంతట అది. కానీ కెర్నెల్ వచ్చి కూర్చున్నంత మాత్రాన పనిలోకి దిగదు, కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడే దిగుతుంది. నేను రోజూ మూత మూయడమే తప్ప ఆపను. ఆదివారం రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోతే అదే ఆగిపోయింది. సోమవారం ఆన్ చేసేసరికి గురువారం వచ్చినది పని మొదలుపెట్టింది. తప్పు జరిగిన రోజు ఒకటి, బయటపడిన రోజు ఇంకొకటి. బయటపడిన నిమిషంలో తడిగుడ్డతో ఎదురుగా ఉన్న మనిషి దొరికిపోయింది.

తర్వాతి పని తేలికే. విద్యుత్తు ఆదా కోసం, పనిలేని యూఎస్‌బీ పరికరాలని లినక్స్ నిద్రపుచ్చుతుంది. బూట్ సెట్టింగుల్లో యూఎస్‌బీకోర్ ఆటోసస్పెండ్ విలువని మైనస్ 1 చేసి ఆ నిద్ర ఆపితే, కొత్త కెర్నెల్‌తోనూ డాక్ లేచింది. బ్యాటరీ కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే. ఏ నంబరు దాకా పనిచేసిందో, ఏ నంబరు నుంచి ఆగిందో రాసి, చిట్టా జతచేసి పంపాను. ఇలా రెండు నంబర్లు దొరికితే మధ్యలోని మార్పులని సగానికి సగం కోసుకుంటూ వెతుకుతారు. వెయ్యి మార్పులున్నా పది పరీక్షల్లో తప్పు చేసినది పట్టుబడుతుంది. ఆ తర్వాత వచ్చిన ఒక అప్‌డేట్‌తో నా సర్దుబాటు అవసరం లేకపోయింది.

నేను చేసిందేమిటి? మొదటి పరీక్ష కూడా చేయకుండానే తీర్పు చెప్పేశాను.

మంగళవారం పొద్దున్న పెద్దావిడ ఇల్లంతా ఊడ్చి, నా గది గడప దగ్గర ఆగిపోయింది. లేచి వెళ్లాను. "అమ్మా, నిన్న నీ తప్పేం లేదు. కంప్యూటర్‌లోనే తేడా వచ్చింది. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను. ఏమనుకోకు" అన్నాను. ముందురోజు రాత్రి అనుకున్నంత తేలిగ్గా రాలేదు ఆ మాటలు.

"బాగైందా బాబూ?"

"అయింది."

"నేను చెప్పాను కదా" అంది, అంతే. ఆ రోజు టీ తాగే వెళ్లింది.

ఇది జరిగి అయిదు నెలలైంది. డాక్ నిక్షేపంగా పనిచేస్తోంది. ఆవిడ మాత్రం నేను లేనప్పుడు ఆ టేబుల్ జోలికి వెళ్లదు. పొడిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తుంది. "బాబూ, మీరు ఒకసారి ఇటొస్తే, మీ ముందే తుడిచేస్తాను."