ఆ తల్లికి నేను చెప్పకూడని మాట

వంశపారంపర్యంగా వచ్చే పిట్యూటరీ కణితుల మీద కొన్నేళ్లు ఢిల్లీ దగ్గర ఒక ప్రయోగశాలలో పనిచేశాను. పనంతా చిట్టెలుకలతో. అప్పట్లో నేను చేసిన పొరపాటు ఎలుకల బోనుల దగ్గర మొదలై ఒక కుటుంబం ఇంటిదాకా వెళ్లింది. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ, ఇలాంటి జబ్బు ఉన్న ఇళ్లవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పిట్యూటరీ మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి. దానిలో గ్రోత్ హార్మోన్ తయారుచేసే కణాలు కణితిగా మారితే, ఎదిగే వయసు పిల్లలైతే విపరీతంగా పొడుగు పెరుగుతారు. పెద్దవాళ్లకైతే దవడ, చేతులు, పాదాలు పెరుగుతాయి. ఉంగరం బిగుసుకుపోతుంది, చెప్పుల సైజు మారుతుంది. చాలామందికి ఇది వంశంలో లేకుండానే వస్తుంది. కొన్ని కుటుంబాల్లో మాత్రం తరతరాలుగా నడుస్తుంది. అలాంటి కుటుంబాల్లో కొన్నింటికి ఏఐపీ అనే జన్యువులో లోపం కారణమని 2006లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. 1783లో లండన్‌లో చనిపోయిన ఐర్లండ్ భారీకాయుడు చార్లెస్ బర్న్ పంటి నుంచి డీఎన్‌ఏ తీసి చూస్తే అందులోనూ ఇదే జన్యులోపం కనిపించింది. ఆ సంగతి 2011లో వెలువడింది. ఉత్తర ఐర్లండ్‌లో ఇప్పుడు జీవిస్తున్న కొన్ని కుటుంబాల్లోనూ అదే లోపం ఉంది.

మనిషి తలలోంచి పిట్యూటరీని నెలనెలా తీసి చూడలేం కాబట్టి చిట్టెలుకలను ఆశ్రయిస్తాం. దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఏఐపీ రెండు ప్రతులూ పోయిన ఎలుక పిల్ల తల్లి కడుపులోనే చనిపోతుంది. ఒకటి పోయినది మామూలుగానే పుట్టి పెరుగుతుంది. వయసు మీద పడ్డాక ఏదో ఒక కణంలో రెండో ప్రతి కూడా పోతుంది. అక్కడ కణితి మొదలవుతుంది. మనుషుల్లోనూ జరిగేది దాదాపు ఇదే. ఫిన్లాండ్ బృందమే 2010లో ఇలాంటి ఎలుకలను పెంచి, పదిహేను నెలల వయసుకల్లా అన్నిటికీ కణితులు వచ్చాయని ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం గ్రోత్ హార్మోన్ కణితులే.

నేను కూడా అలాంటి ఎలుకలనే పెంచాను. పుర్రె పైకప్పు కత్తిరించి, మెదడును ముందు నుంచి నెమ్మదిగా పైకెత్తితే పిట్యూటరీ దానితో రాదు, కింద ఎముక గుంటలోనే ఉండిపోతుంది. నువ్వుగింజంత ఉంటుంది, లేత గులాబీ రంగు. కణితి ఉన్న ఎలుకలో అయితే ఆ చోట నెత్తురు నిండిన ముదురు ఎర్రని ముద్ద మెదడు అడుగును పైకి నొక్కుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు చేతులు వణికాయి. ఏడాదిన్నర ఓపిక పట్టినందుకు ఫలితం దక్కిందనుకున్నాను.

అసలు తప్పు అప్పటికే జరిగిపోయింది. పిల్లలను మూడు వారాలకు తల్లి నుంచి వేరు చేసి, చెవి ముక్క తీసి, పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేసి, ఏది లోపమున్నదో ఏది మామూలుదో తేల్చుకుంటాం. నేను లోపమున్నవాటినే ఉంచుకుని, మామూలు తోబుట్టువులను తీసేయించాను. బోనులు చాలడం లేదన్నది నా వాదన. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తున్నా ఆ గదిని ఇరవై రెండు దగ్గర ఉంచాలి, ఏసీ ఆగితే జనరేటర్ అందుకోవాలి, ప్రతి బోనుకూ ఖర్చే. పోల్చి చూడటానికి వేరే జట్టు నుంచి తెచ్చిన పడుచు ఎలుకలు చాలనుకున్నాను. ముసలి ఎలుకకు ముసలి తోబుట్టువునే పక్కన పెట్టాలన్న ప్రాథమిక పాఠాన్ని ఖర్చు పేరుతో పక్కకు నెట్టాను.

ఆ ఉత్సాహంలో ఉండగానే ఒక తెలుగు కుటుంబం పరిచయమైంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చి నోయిడాలో స్థిరపడ్డవాళ్లు. పెద్ద కొడుక్కి ఇరవై ఏళ్లు దాటకముందే గ్రోత్ హార్మోన్ కణితికి ఆపరేషన్ అయింది. జన్యుపరీక్షలో ఏఐపీ లోపం తేలింది. పద్నాలుగేళ్ల చిన్నవాడికి పరీక్ష చేస్తే అతనిలోనూ లోపం ఉంది, జబ్బు మాత్రం లేదు. ఆంధ్రాభవన్‌లో భోజనాల దగ్గర నా పని సంగతి విని ఆ తల్లి అడిగింది: "మా చిన్నోనికి గూడ ఇది అస్తదా బిడ్డా?"

"లోపముంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తుందమ్మా. మా ఎలుకల్లో ఒక్కటి కూడా తప్పించుకోలేదు" అన్నాను.

నేను వైద్యుణ్ని కాను. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. పైగా ఆ మాట నిజం కాదు.

కొన్ని వారాలకు మా గైడ్ గారు నా స్లైడ్లు చూశారు. "వీటి తోబుట్టువులేవి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వయసు మీరిన ఆడ చిట్టెలుకల్లో ఏ లోపమూ లేకపోయినా పిట్యూటరీ పెరగడం, కణితులు రావడం కొత్తేమీ కాదు. నా ముసలి ఎలుకల్లో ఎక్కువ భాగం ఆడవే. రెటిక్యులిన్ రంగు వేసి చూస్తే మరో సంగతి బయటపడింది. నిజమైన కణితిలో కణాల చుట్టూ ఉండే నార వల తెగిపోతుంది. కణాలు పెరిగినంత మాత్రాన తెగదు, సాగుతుంది అంతే. నేను కణితులని రాసుకున్నవాటిలో చాలావాటికి వల చెక్కుచెదరలేదు. ఏ లెక్క నమ్మి ఆ తల్లికి జవాబు చెప్పానో, ఆ లెక్కే నిలబడలేదు.

లెక్క నిలబడినా ఆ జవాబు తప్పే అయ్యేది. ఏఐపీ లోపమున్న మనుషుల్లో కణితి వచ్చేది సుమారు ఐదుగురిలో ఒకరికే. ప్రయోగశాల ఎలుకలన్నీ దాదాపు ఒకే జన్యుసంపదతో, ఒకే గింజలు తిని, ఒకే వెలుతురులో పెరుగుతాయి. మనుషులు అలా పెరగరు. ఎలుకల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. 2016లో మరో బృందం ఇదే లోపమున్న మగ ఎలుకలను మూడు నెలలకూ, పన్నెండు నెలలకూ పరీక్షిస్తే స్వల్ప మార్పులే కనిపించాయి. 1992 నాటి ఆర్‌బీ జన్యువు కథ ఇంకా పెద్ద పాఠం. ఆ జన్యువు ఒక ప్రతి చెడితే పసిపిల్లలకు కంటిలో క్యాన్సర్ వస్తుంది. అదే లోపంతో పుట్టించిన ఎలుకలకు కళ్లు బాగానే ఉన్నాయి, కణితులు పిట్యూటరీలో వచ్చాయి. అదీ మధ్య లంబికలో. పెద్దవాళ్లయిన మనుషుల్లో ఆ భాగం దాదాపు ఉండదు.

అలాగని ఎలుకల పని వృథా అనను. జర్మనీలో ఒక పెద్ద ఎలుకల (ర్యాట్) సంతతిలో పిట్యూటరీతో పాటు పలు గ్రంథుల్లో కణితులు కనిపిస్తే, దాని మూలం వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు 2006లో పి27 ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం దొరికింది. ఆ తర్వాతే అదే జన్యువులో లోపం ఉన్న మనుషులను గుర్తించి, ఆ జబ్బుకు మెన్4 అని పేరు పెట్టారు. ఎక్కడ వెతకాలో ఎలుక చూపించగలదు. ఎవరికి వస్తుందో, ఎప్పుడు వస్తుందో చెప్పాల్సింది మనుషుల కుటుంబాల లెక్కలే.

సంగతి తెలిసిన వెంటనే నోయిడా వెళ్లాను. పిల్లవాణ్ని వాలీబాల్ మాన్పించారు. తలుపు వెనక గోడ మీద పెన్సిల్ గీతలు వరసగా ఉన్నాయి. తల్లి వారం వారం ఎత్తు కొలుస్తోంది. గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, వారంలో ఎవరూ అంత పెరగరు. నేను తప్పు చెప్పానని, క్షమించమని అడిగాను. వాళ్ల ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వాళ్లతో కలిసి వెళ్లాను. నిర్ణీత వ్యవధిలో రక్తపరీక్ష, ఎత్తు నమోదు, అవసరాన్ని బట్టి ఎంఆర్‌ఐ చాలని, ఆటలు మానక్కర్లేదని డాక్టర్ ఓపికగా చెప్పారు. ఆ ఇంట్లో మళ్లీ నిద్రపట్టడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ భారం నాదే.

ఆ ప్రయోగాన్ని మొదటి నుంచి మళ్లీ చేశాను. అంటే ఇంకొన్ని ఎలుకల ప్రాణాలు నా అజాగ్రత్తకు పోయాయి. మన దేశంలో ప్రతి ప్రయోగానికీ ఎన్ని జంతువులు కావాలో నైతిక సంఘానికి ముందే రాసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని నేను లాంఛనంగా నింపాను. సరైన పోలిక లేని ప్రయోగంలో పోయిన ప్రతి ప్రాణమూ వృథాయే.

ఈ పని మొదలుపెట్టే పిల్లలకు నా మాట: తోబుట్టువులను ఉంచుకోండి, ఆడామగా సమానంగా పెట్టుకోండి, వాటినీ అంతే వయసుదాకా పెంచండి. ఏది లోపమున్నదో తెలియకుండా స్లైడు చదవండి. కుటుంబంలో ఈ జబ్బున్నవాళ్లకు నా విన్నపం: ఎలుకల మీద ఏదో తేలిందని ఎవరైనా చెబితే, మనుషుల్లో ఎంతమందికి వచ్చిందో అడగండి. ఆ అంకె చెప్పలేనివాళ్ల మాట విని మీ పిల్లల ఆట మాన్పించకండి.