తైలద్రోణి

మరణం సంభవించిన గృహంలో మొదట వినవచ్చే ప్రశ్న జీవుని ఉత్తరగతిని గురించినది కాదు. "ఎప్పుడు తీస్తారు?" అన్నదే. వార్త విని వచ్చిన బంధువు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, దేహం ముందు కాసేపు తల వంచుకొని నిలిచి, ఆపైన ఎవరినో పక్కకు పిలిచి ఈ మాటే అడుగుతాడు. అందులో నిర్దయ ఏమీ లేదు. దేహం ఇంట ఉన్నంతసేపు పొయ్యి రాజుకోదు, పసిపిల్లలకు తప్ప ఎవరికీ అన్నం లేదు. పల్లెలలోనైతే దగ్గరి గుడిలో నైవేద్యం కూడా ఆగుతుంది. కాలం నిర్ణయమైతే తప్ప పురోహితుడు రాడు, వాహనం రాదు, కట్టె రాదు. అంత్యేష్టి అనే మహాసంస్కారం ఈ చిన్న ప్రశ్నకు వచ్చే సమాధానం కోసం వేచి ఉంటుంది.

నాంపల్లి స్టేషను రోడ్డు వెనుక ఒక సందులో, పాత ఇంటి రెండవ అంతస్తులో, ఆ సమాధానం మధ్యాహ్నం వరకూ దొరకలేదు.

గతించినవారు 81 ఏళ్ళ వృద్ధులు. నాంపల్లి స్టేషను పార్సిలు కార్యాలయంలో గుమాస్తాగా ఉద్యోగజీవితమంతా గడిపి, విశ్రాంతి తీసుకొన్న తరువాత కూడా ఆ రైలు కూతలు వినబడే చోటు విడిచి పోవడానికి ఇష్టపడనివారు. భార్య గతించి ఆరేళ్ళు. కుమార్తె ఆబిడ్స్‌లో ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె, భర్త ఆయనతోనే ఉంటున్నారు. ఆమె తమ్ముడు, ఏకైక పుత్రుడు, టెక్సాస్‌లో ఉద్యోగి. తెల్లవారుజామున నాలుగింటికి శ్వాస ఆగింది. ఆమె తండ్రి నోట తులసి తీర్థం పోసి, దేహాన్ని దర్భలు పరచిన నేల మీదికి దింపించి, దక్షిణ శిరస్సుగా పడుకోబెట్టించి, తలవైపు దీపం వెలిగించింది. అటుపైన తమ్ముడికి ఫోను చేసింది. అక్కడ అప్పటికి ముందురోజు సాయంకాలం.

"అక్కా, ఉంచండి. నేను బయలుదేరుతున్నాను" అన్నాడు అతడు.

ఆ మాటతో ఫ్రీజర్ బాక్సు తెప్పించారు. గాజుమూత కింద తండ్రి ముఖం, పక్కన సన్నగా మోగే యంత్రం. రెండు గంటల తరువాత తమ్ముడు మళ్ళీ ఫోను చేశాడు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరి ఉంది. దేశం దాటితే తిరిగి వెళ్ళడానికి కొత్త ముద్ర కావాలి. దానికి తేదీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అక్కడ భార్య, ఏడాది నిండని శిశువు. రమ్మని అక్క అనలేదు, రావద్దనీ అనలేదు. అతడే ఏదీ తేల్చుకోలేక, "ఒక్కరోజు ఆగండి, కనుక్కుంటాను" అన్నాడు. ఆ ఒక్కరోజు రెండు రోజులవుతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

బంధువులలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కొడుకుండగా మరొకరు నిప్పు పెట్టడమేమిటని కొందరు. దేహాన్ని అలా చల్లటి పెట్టెలో ఉంచడం ఏ శాస్త్రంలో ఉందని మరికొందరు. ఈ రెండవ పక్షం వారికి శ్రీమద్రామాయణమే సమాధానం చెబుతున్నది.

దశరథ మహారాజు పుత్రకామేష్టి చేసి నలుగురు కుమారులను పొందాడు. ఆయన ప్రాణం విడిచిన రాత్రి ఆ నలుగురిలో ఒక్కడూ దగ్గర లేడు. ఇద్దరు అరణ్యంలో, ఇద్దరు కేకయ రాజ్యంలో. పుత్రుడు లేకుండా సంస్కారం చేయడానికి మంత్రులు ఇష్టపడక, రాజదేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె నింపిన తొట్టిలో, భద్రపరచి కేకయానికి దూతలను పంపారు. భరతుడు దారిలో ఏడు రాత్రులు గడిపి అయోధ్యకు చేరాడు. వశిష్ఠుల వారి ప్రేరణతో ఆ దేహాన్ని నూనెనుండి పైకి తీసినప్పుడు, ముఖం పసుపువన్నె తిరిగి, రాజు నిద్రిస్తున్నట్లే ఉన్నాడని వాల్మీకి మహర్షి వర్ణించాడు. కనుక పుత్రుని కోసం దేహాన్ని నిలపడం నేటి యంత్రాలతో పుట్టిన వింత కాదు. ధర్మశాస్త్ర నిబంధనకారులు కూడా రాత్రి గడిచిన శవాన్ని పర్యుషితమని పేర్కొని, దానికి ప్రాయశ్చిత్తం విధించారు. ఆలస్యం దోషమే, అయినా పరిహారం లేని దోషం కాదని దీని తాత్పర్యం.

అయితే ఈ కథను ఇంతవరకే చెప్పి ఆపేవారు సగమే చదివినట్లు. తైలద్రోణి భరతుని కోసం నిలిచింది, రాముని కోసం నిలవలేదు. జ్యేష్ఠపుత్రుడు చిత్రకూటంలో ఉన్నాడు, తండ్రి మాటకే కట్టుబడి అక్కడ ఉన్నాడు, రాలేడు. రాలేనివాని కోసం వశిష్ఠుడు దేహాన్ని నిలపలేదు. వచ్చిన పుత్రుని చేత సంస్కారం జరిపించాడు. రామునికి ఆ వార్త తెలిసేనాటికి దహనం, శ్రాద్ధం అన్నీ ముగిశాయి. అయినా ఆయన మందాకినిలో దిగి దక్షిణాభిముఖుడై జలాంజలి విడిచాడు. ఒడ్డున దర్భలు పరచి, గారపిండిని రేగుపళ్ళతో కలిపి పిండం చేసి పెట్టాడు. చక్రవర్తికి గారపిండి పిండమా అని కౌసల్య తరువాత దానిని చూసి విలపించింది. తాను తినేదే తన పితృదేవతలకు పెట్టడం రాముడు ఎరిగిన ధర్మం.

ఈ కథలన్నీ నాంపల్లి ఇంట్లో ఆ ఉదయం ఎవరూ చెప్పుకోలేదు. పదకొండింటికి వచ్చిన శాస్త్రిగారు మాత్రం వాటి సారాన్ని రెండు ప్రశ్నలుగా అడిగారు. "అమ్మా, మీ తమ్ముడు వస్తున్నాడా, రావాలనుకుంటున్నాడా?" ఆమె మౌనం విని, "మీ నాన్నగారు ఏమైనా చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆస్తిక కుటుంబాలలో సైతం ఈ మాట జీవించి ఉండగా అడగడం అశుభమనుకొంటారు. నచికేతుడు సాక్షాత్తు యముణ్ణే మరణాన్ని గురించి అడిగిన కథను పారాయణ చేసే ఇళ్ళలో, పక్క గదిలోని తండ్రిని "కట్టెనా, కరెంటా? గోదావరా, కృష్ణా?" అని అడగడానికి నోరు రాదు. ఇది విచిత్రమే.

తరువాతి ప్రశ్న కర్తృత్వం. ధర్మసింధువు వంటి నిబంధన గ్రంథాలు అంత్యకర్మాధికారుల క్రమాన్ని చెబుతూ పుత్రపౌత్రుల తరువాత పత్నిని, దుహితను, దౌహిత్రుణ్ణి కూడా పేర్కొన్నాయి. ఆడపిల్ల శ్మశానానికి రాకూడదన్నది లోకాచారం. ఆమెకు అధికారమే లేదనడం శాస్త్రం కాదు. సాధారణంగా ఇటువంటి చోట స్త్రీ దర్భ ఇచ్చి అల్లుడిచేతనో జ్ఞాతిచేతనో కర్మ చేయిస్తుంది. శాస్త్రిగారు ఆ మార్గం చెప్పారు. స్వయంగా అగ్ని ఇవ్వవచ్చనీ చెప్పారు. "కాని మొదటిరోజు ఎవరు మొదలుపెడితే పదిరోజులూ వారే చేయాలి. మధ్యలో మార్చడానికి వీల్లేదు. బాగా ఆలోచించుకోండి" అన్నారు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆరేళ్ళుగా తండ్రికి స్నానం చేయించినది తానే. ఈ చివరి స్నానం నీళ్ళు కూడా తానే పోస్తానంది.

ఆపైన ఇల్లు కదిలింది. శోకంలో ఉన్నవారికి చేతిలో పని ఎంత ఆధారమో చూసినవారికే తెలుస్తుంది. అల్లుడు కాగితాల మీదికి వెళ్ళాడు. ఇంట్లో జరిగిన మరణానికి, చివరగా చూసిన వైద్యుడు మరణకారణాన్ని ధ్రువీకరిస్తూ పత్రం రాసి ఇవ్వాలి. అది లేకుండా శ్మశానవాటికలో రసీదు ఇవ్వరు. రసీదు లేకుండా నమోదు కష్టం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజులలోపు నగరపాలక సంస్థలో నమోదు చేయించాలి. గడువు దాటితే రుసుము, ఇంకా దాటితే అనుమతులు. ఆ ధ్రువపత్రం ప్రతులు పింఛను కార్యాలయానికి, బ్యాంకుకు, ఇంటి కాగితాలకు వేరువేరుగా కావాలి. ఆధారు కార్డు ఎక్కడ ఉందో ఆ ఇంట్లో వెతుక్కోవలసి రాలేదు. తండ్రి అన్ని కాగితాలనూ పార్సిలు రసీదుల్లా వరుసగా కట్టి, పైన తేదీ వేసి ఉంచారు.

పినతండ్రి కుమారుడు బేగంబజారుకు పోయి నువ్వులు, కర్పూరం, నెయ్యి, కొత్త వస్త్రం, కుండలు తెచ్చాడు. వైకుంఠ రథానికి, కట్టెకు మాట్లాడాడు. ఒక చితికి 400 కిలోల పైచిలుకు కట్టె కావాలని విని ఆ యువకుడు ఆశ్చర్యపోయాడట. మనిషి బరువు అరవై కిలోలు. ఆ అరవైని పంచభూతాలలో కలపడానికి అంతకు ఏడింతల చెట్టు కావాలి. విద్యుద్దహనం శాస్త్రసమ్మతమా అని తరచు అడుగుతారు. అగ్ని అగ్నియే, మంత్రం మంత్రమే. కట్టె దొరికినచోట కట్టె, లేనిచోట మరొకటి. దీనిమీద ఇంతకన్న వివాదం అనవసరం.

సాయంకాలం నాలుగింటికి దేహాన్ని దించారు. వాహనం స్టేషను ముందునుంచి, ఆబిడ్స్ తపాలా కార్యాలయం కూడలి మీదుగా, మొజంజాహీ మార్కెట్టు దాటి పురానాపూల్ వైపు సాగింది. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన ఆ వంతెన పక్కన మూసీ ఒడ్డునే శ్మశానవాటిక. ఈ నదికి స్థలపురాణం చెప్పే పేరు ముచుకుంద. నిద్రలేపినవాణ్ణి చూపుతో భస్మం చేసిన ముచుకుందుని పేరు. 1908 సెప్టెంబరు 28న ఇదే నది పొంగి వేలమందిని తీసుకుపోయింది. కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయిన చోట, కర్త ఎవరన్న ప్రశ్న వేయడానికి కూడా ఎవరూ మిగలలేదు. మహాలయపక్షంలో దిక్కులేనివారికి సైతం తిలోదకం విడిచే ఆచారం అటువంటివారి కోసమే.

శ్మశానద్వారం వద్ద పాడెను దింపారు. దింపుడు కళ్ళం. పోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి, వరుస పెట్టి పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనన్న ఆశకు తెలుగువారు ఇచ్చిన చివరి అవకాశం అది. కుమార్తె వంగి పిలిచింది. అప్పటివరకు దూరంగా ఫోను పట్టుకొని తమ్ముడికి చూపుతున్న యువకుడు ముందుకు వచ్చి, తటపటాయిస్తూ శాస్త్రిగారి వైపు చూశాడు. చితి ముందు ఫోను పట్టడం చాలామందికి రోతగా ఉంటుంది; ఆ రోత అన్యాయం కాదు కూడా. అంత్యేష్టి దృశ్యం కాదు, కర్మ. ఒక పెద్దాయన వారించబోయారు. శాస్త్రిగారు అన్నారు: "శబ్దం ఆకాశగుణం. పిలవనివ్వండి."

ఫోనును తండ్రి కుడిచెవి దగ్గర పెట్టారు. టెక్సాస్‌లో అప్పటికి తెల్లవారలేదు. "నాన్నా" అని మూడుసార్లు వినిపించింది; మూడవసారి సరిగా వినబడలేదు. తరువాత ఫోను మూసి జేబులో పెట్టేశారు. తమ్ముడే అలా కోరాడు.

ఆమె నీటికుండ భుజాన ఎత్తుకొని చితి చుట్టూ తిరిగింది, వెనుకకు చూడకుండా కుండ వదిలింది, ముఖం తిప్పుకొని నిప్పు పెట్టింది. శరీరం భస్మాంతమని ఈశావాస్యం చెప్పినదానిని అక్కడ ఎవరూ వ్యాఖ్యానించలేదు. మళ్ళీ తిరిగి చూడకుండా అందరూ స్నానాలకు వెళ్ళారు.

ఆ రాత్రి తమ్ముడు అడిగాడు, తాను చేయవలసినది ఏమైనా మిగిలిందా అని. శాస్త్రిగారు ఫోనులోనే చెప్పారు. స్నానం చేసి, దక్షిణం తిరిగి, నువ్వులు కలిపిన నీళ్ళు వదలమన్నారు. పదవనాడు అక్కడే పిండం పెట్టుకొమ్మన్నారు. నెలనెలా మాసికం అతనిది. "బియ్యం ఏవి వాడాలి?" అని అడిగాడట ఆ అబ్బాయి. "నువ్వు రోజూ ఏవి తింటావు?" అన్నారు శాస్త్రిగారు.

మూడవనాడు అస్థిసంచయనం జరిగింది. కుండను వస్త్రంలో కట్టి, ఇంట్లోకి తేకుండా వెలుపల కొక్కానికి వేలాడదీశారు. నాలుగవనాటి సాయంకాలం అక్క, ఆమె భర్త నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ప్లాట్‌ఫారం చివర పార్సిలు పెట్టెలు తూకం వేస్తున్నారు. తండ్రి ముప్పై ఏళ్ళకు పైగా ఆ వైపు నుండే రాజమండ్రి సరుకు పంపారు. తాను మాత్రం ఆ బండిలో రెండుసార్లే ప్రయాణించారని ఆమె భర్తతో అంది. కుండను ఒడిలోనే పెట్టుకొంది. అర్ధరాత్రి దాటాక రాజమండ్రిలో దిగి, తెల్లవారేవరకు స్టేషనులో కూర్చొని, కోటిలింగాల రేవులో నిమజ్జనం చేసి స్నానమాడారు. గరుడపురాణం చెప్పినట్లు దినపిండాలతో ప్రేతకు ఒక్కొక్క అవయవం ఏర్పడుతూ ఉంటే, అప్పటికి శిరస్సు, మెడ, గుండె, వీపు మాత్రమే కుదిరి ఉంటాయి. ఇంకా సగం పైగా మిగిలి ఉంది. ఆనాటి పిండం కూడా ఆ గట్టునే పెట్టింది. తిరుగు టికెట్టు ముందే తీసి ఉంచింది. రైలులో కూర్చొని, శాస్త్రిగారు చెప్పిన పదకొండవనాటి సామగ్రిని, తండ్రి రాసినట్లే పక్కన తూకాలు వేస్తూ, ఒక కాగితం మీద రాయసాగింది.