పెన్నయొడ్డున నడక

గత మాఘమాసమున నొక యాదివారమునాడు కుటుంబముతో పెన్నయొడ్డున నడచివత్తమని నిశ్చయించితిని. పదుమూడేండ్ల పిల్లకు తిరుగుళ్లేలయని మాయమ్మ యడ్డుపెట్టెను. నేనును మాఱుపలుకక కుమారుని మాత్రమే పిలిచితిని. "నాన్నగారూ, ద్రౌపది తెగువను తిక్కన పద్యములతో మాకు బోధించినది మీరే కదా!" యని అమ్మాయి యడిగెను. సిగ్గుపడితిని. అందఱమును బయలుదేఱితిమి.

కావలినుండి రైలులో నెల్లూరు చేరి, బస్సులో జొన్నవాడకు బోయితిమి. కామాక్షితాయి గుడి చెంతనే పెన్న. కర్ణాటకమున నందికొండలలో బుట్టి 597 కిలోమీటర్లు పాఱి సముద్రమున గలియు నది యిది. 13వ శతాబ్దమున తిక్కన నివసించిన నెల్లూరును దీని యొడ్డుననే కలదు. ఇసుక త్రవ్విన గుంటలు నీటిక్రింద కానరావు గనుక, పిల్లలను నీట దిగనీయక గట్టువెంబడి నడిపించితిని. అమ్మాయియే ముందు నడచెను. నా భార్య మెల్లగా, "ఈ రేవునకు స్నానమునకు బలుమాఱులు వచ్చితిని గాని, ఊరక నడచుటకు వచ్చుట యిదియే మొదలు" అనెను. ఇన్నేండ్ల కాపురమున నేనది గమనింపనైతిని!

చదువరులారా, ఆడుబిడ్డలకు పద్యములు నేర్పి గడప దాటనీయకుండుట, ఇచ్చిన చదువును మనమే వెనుకకు దీసికొనుట.