అమెరికా ప్రయాణానికి అమ్మానాన్నలూ సిద్ధమేనా?

కూతురికి పురుడు పోయాలి, లేదంటే కొడుకు కొత్త ఇంట్లో పాలు పొంగించాలి. మన ఊళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు అరవై దాటాక మొదటిసారి విమానం ఎక్కేది ఇలాంటి కబురు వచ్చాకే. ఆ రోజు నుంచీ ఇంట్లో హడావుడి మొదలు. ఆవకాయ ఎన్ని కిలోలు, సున్నుండలు ఎన్ని, పెట్టె తూకం ఎంత... మాటలన్నీ వీటిచుట్టూనే! దరఖాస్తులు నింపడం, టికెట్లు కొనడం, బీమా కట్టడం మాత్రం పిల్లలు అక్కడినుంచే చేసేస్తారు. ‘ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి చాలు’ అంటారు. తీరా కౌంటర్ దగ్గర అధికారి ప్రశ్నలడిగేది ఫైలు పట్టుకున్న పెద్దవాళ్ళని. అందులో ఏముందో తెలియకపోవడంతోనే కంగారంతా. అది తెలుసుకుంటే చాలు, సగం బరువు దిగిపోయినట్లే.

నిజం చెబితే చాలు

2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా వీసా కోసం మనవాళ్ళు చెన్నై వెళ్ళాల్సి వచ్చేది. పైగా ప్యాలెస్‌లో మొదలైన ఆ కార్యాలయం 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. పిల్లల్ని చూసిరావడానికి తీసుకునేది బీ1/బీ2 వీసా. డీఎస్-160 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ తర్వాత వేలిముద్రలు, ఇంటర్వ్యూ. వయసు 79 దాటినవారికి ఇంటర్వ్యూ ఉండదన్న వెసులుబాటును 2025 సెప్టెంబరులో తీసేశారు. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి పురుడు కోసమైతే వీలైనంత ముందే మొదలుపెట్టాలి.

ఈ వీసా అడిగేవారు అక్కడే ఉండిపోతారేమో అన్న అనుమానంతోనే అధికారి మొదలుపెట్టాలని అక్కడి చట్టం చెబుతుంది. తిరిగొస్తామని నమ్మించాల్సిన బాధ్యత వెళ్ళేవారిదే. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్ళుంటారు, పిల్లలేం చేస్తున్నారు, ఖర్చెవరిది... ప్రశ్నలు సాధారణంగా ఇవే. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులో మాట్లాడొచ్చు. బట్టీపట్టిన జవాబులకన్నా దరఖాస్తులో రాసినదాన్నే సూటిగా చెప్పడం మేలు. అందుకే పిల్లలు నింపిన ప్రతిని ముందురోజు ఒక్కసారైనా చదివించుకోవాలి.

పదేళ్ళ వీసా... ఆర్నెల్ల బస

వీసా మీద పదేళ్ళ గడువు చూసి ఎన్నాళ్ళయినా ఉండొచ్చనుకుంటారు చాలామంది. అది ఆ దేశపు గుమ్మందాకా వెళ్ళడానికి అనుమతి మాత్రమే. ఎన్నాళ్ళుండాలో నిర్ణయించేది దిగిన విమానాశ్రయంలోని అధికారి. మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు. ఆ గడువు తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. వెళ్ళిన వారంలోనే పిల్లలచేత దాన్ని ఆన్‌లైన్‌లో తీయించి, గోడమీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీసుకోవాలి. పొడిగింపు కోరకుండా అది దాటితే పదేళ్ళ వీసా కూడా చెల్లకుండా పోతుంది.

పెట్టెలో పెట్టకూడనివి

దేవుడి సామాన్లలో కర్పూరం, అగ్గిపెట్టె ఉంటే తీసేయాలి. మండే వస్తువులు కాబట్టి విమానంలోకి రానివ్వరు. ఎండుకొబ్బరిదీ అదే పరిస్థితి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఊరగాయ, నెయ్యి లాంటివి చేతిసంచిలో పెడితే ద్రవపదార్థాల కిందే లెక్క. వంద మిల్లీలీటర్లు మించితే తీసి పక్కన పెట్టేస్తారు. కరివేపాకు, పండ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్ళు అమెరికాలో కుదరవు. మొక్కల చీడలు, పశువుల రోగాలు వస్తాయని వాళ్ళ భయం. దుబాయ్ మీదుగా వెళ్తుంటే గసగసాల జోలికే పోవద్దు. అక్కడ అవి నిషేధం. ఇక తినే వస్తువులున్నాయా అని కస్టమ్స్‌వాళ్ళు అడిగితే ‘ఉన్నాయి’ అనే చెప్పాలి. చెబితే మహా అయితే ఆ పొట్లం పోతుంది. దాచి దొరికితే జరిమానా పడుతుంది.

బీమా ఉందని ధీమా వద్దు

అమెరికాలో వైద్యం ఖర్చు తెలిసిందే. బీమా తీసుకునేటప్పుడు పెద్దవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘మాకున్న బీపీ, షుగర్లకు వర్తిస్తుందా?’ పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితేనే డబ్బిచ్చే పాలసీలు చాలా ఉన్నాయి. కొన్నయితే ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే లెక్కకట్టి ఇస్తాయి, మిగతాది మనమే భరించాలి. పంటి నొప్పుల్లాంటివి ఇక్కడే చూపించుకుని బయల్దేరడం మంచిది.

మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరూ రాయించుకుంటే అక్కడి డాక్టర్లకు అర్థమవుతుంది. న్యూయార్క్ సమయం మనకంటే చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఇన్సులిన్, బీపీ మాత్రలు ఏ వేళకు మార్చుకోవాలో ముందే డాక్టరును అడగాలి. విమానంలో గంటకోసారి కాళ్ళు కదిలించాలి, నీళ్ళు తాగాలి. నడవలేనివారికి వీల్‌ఛెయిర్ కావాలని టికెట్ కొనేటప్పుడే చెప్పాలి.

ఇంటికి తాళం వేసేముందు

పింఛనుదారులు నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి ముందే బ్యాంకులో మాట్లాడుకోవాలి. ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్ పెట్టించుకోవాలి. గ్యాస్ కట్టేసి, తాళంచెవి ఒకటి నమ్మకమైనవారికి ఇవ్వాలి.

వెళ్ళాక రోజులెలా గడుస్తాయన్నదీ ఆలోచించుకోవాల్సిందే. పిల్లలు ఆఫీసుకు వెళ్తే చాలా ఊళ్ళలో కారు లేనిదే కాలు బయటపెట్టలేం. చలిరాష్ట్రాల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తలుపు తీయడమే కష్టం. తేదీ మన చేతిలో ఉంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళడం హాయి. పిల్లల ఫోన్ నంబర్లు, చిరునామా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. సెల్‌ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడు ఆదుకునేది ఆ కాగితమే.

ఆవకాయ మరిచిపోయినా ఫర్వాలేదు... అక్కడి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది. ఫైల్లో ఏముందో తెలుసుకున్న ధైర్యం మాత్రం ఇక్కడినుంచే పట్టుకెళ్ళాలి!